ఇంతకాలం నాకెవరూ చెప్పలేదేం?

ముందు కాళ్లు కనబడ్డాయి. జన్నారం దాటి లక్సెట్టిపేట వైపు పోతున్న బస్సు ఉన్నట్టుండి నెమ్మదించింది. కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్న నేను కళ్లు తెరిచి చూస్తే, రోడ్డు వారన కాళ్లు. ఒకటా రెండా, బారులు బారులు. ఒక్క కాలికీ చెప్పు లేదు. తల ఎత్తితే తెల్లటి ధోవతులు, తెల్లటి తలపాగాలు, చంకలకు వేలాడే సంచులు. పుష్య మాసపు చలి. మా ఆదిలాబాద్ చలి సంగతి చెప్పాలా, తారు రోడ్డు కూడా ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ రోడ్డు మీద వందల మంది ఒకరి వెనక ఒకరు, తొందర లేకుండా, ఆగకుండా నడిచిపోతున్నారు.

"మెస్రంవాళ్లు. గంగకు పోతున్నరు" అన్నాడు కండక్టర్, పాత సంగతి చెప్పినట్టు. వెనక సీట్లో ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. డ్రైవర్ హారన్ ముట్టుకోలేదు.

నాది ఖానాపూర్. పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. నాగోబా జాతర, అంటే ఈ మెస్రంవాళ్ల నాగదేవత జాతర గురించి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాను. వేదిక, మైకు, కలెక్టరు, మంత్రి, దర్బారు ఫొటో. ఆ ఫొటో కింద ఎక్కడో రెండు వాక్యాల్లో "గంగాజలం తెచ్చారు" అని ఉంటుంది. ఆ రెండు వాక్యాల వెనక ఇంత నడక ఉందని, అది ఏటా నా ఇంటికి గంటన్నర దూరంలో జరుగుతోందని నాకు తట్టనే లేదు. నడక మొదలయ్యే కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలో ఉంది, నీళ్లు తోడే కలమడుగు జన్నారం మండలంలో ఉంది. రెండూ మా ఖానాపూర్ నియోజకవర్గమే. ఓటు మాత్రం అందరం కలిసే వేస్తున్నాం!

టికెట్టు మంచిర్యాల దాకా ఉంది. దిగిపోయాను.

బారు చివరన ఒక పిల్లవాడు దొరికాడు. పదహారు, పదిహేడేళ్లుంటాయి. ఇంటర్ మొదటి సంవత్సరమట. మొలకెత్తీ మొలకెత్తని మీసం, ఎర్రబడ్డ కళ్లు, మడమల దాకా దుమ్ము. "రామ్ రామ్" అన్నాడు. నేనూ అన్నాను. మా వైపు గోండు ఊళ్లకు వెళ్తే ఏ మాటకైనా ముందు వచ్చేది ఆ రామ్ రామే.

"మీ ఇంటోళ్లు ఎంతమంది వచ్చిండ్రు తమ్మీ?" అని అడిగాను.

వాడు ముందుకు చూశాడు. చెట్ల మలుపులో కలిసిపోతున్న తలపాగాల దాకా చూశాడు. "గీ లైన్ల ఉన్నోళ్లందరు మావోళ్లే సార్" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అట్లా కాదు, మీ ఇంట్లోంచి అన్నాను. బాపు, ఇద్దరు కాకాలు, తను అని లెక్క చెప్పాడు గానీ, ప్రశ్నే తప్పుగా అడిగినట్టు చూశాడు. ఆ చూపు న్యాయమైనదే. రాజ్‌గోండుల్లో మెస్రం ఒక వంశం. ఏడు దేవతల సగ, అంటే వంశాల గుంపు, వాళ్లది. ఆ సగలోని వంశాలన్నీ అన్నదమ్ముల వరస, పెళ్లి సంబంధం బయటి సగతోనే. కనుక ఆ రోడ్డు మీద ఇంటిపేరు ఒక్కటే. పెద్దవాళ్లలో సగం మంది వాడికి కాకాలు, మిగతా సగం దాదాలు, తాతలు. పదహారేళ్ల వయసులో నేను ముగ్గురు అన్నదమ్ములతో ఒక గది పంచుకోలేక ఇల్లు పీకి పందిరేశాను. వీడు మొత్తం వంశంతో దారి పంచుకుంటున్నాడు.

"ఎన్ని కిలోమీటర్లు నడిచిండ్రు?"

"కిలోమీటర్లు ఎవరు చూస్తరు సార్. ముక్కాములే లెక్క."

పేపర్లలో వెళ్లే దారి ఒక్కటే వంద కిలోమీటర్ల పైచిలుకని రాస్తారు, ఒక్కో ఏడు ఒక్కో అంకె వేస్తారు. బండి దారిలో పోతే అంత ఉండదు. కానీ వీళ్లది అంతా బండి దారి కాదు. చేను గట్లు, వాగులు, టేకు అడవి, చుట్టాలున్న ఊళ్లు. రాత్రి ఎక్కడ ఆగాలో పెద్దలు అనుకున్న ప్రకారమే ఆగుతారు, ఆ ఊరివాళ్లు అన్నం పెడతారు. పొద్దున్నే మళ్లీ కాళ్లు. ఆ అడవి కూడా మామూలు అడవి కాదు. 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం. బోర్డుల మీద పులి బొమ్మ చూసి కారు అద్దాలు ఎక్కించుకునే దారుల్లో వీళ్లు వట్టి కాళ్లతో వస్తారు.

నాకూ ఒక ట్రెక్కింగ్ చరిత్ర ఉంది లెండి. అయిదారేళ్ల కింద ఆరు వేలు పోసి బూట్లు కొని, హిమాలయాల్లో మూడు రోజులు నడిచి, బొబ్బలతో ఇంటికొచ్చి, ఆ ఫొటోలు నాలుగేళ్లు అందరికీ చూపించాను. ఆ గర్వంతోనే అక్కడ నేనూ చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను. పది నిమిషాలు. కంకర కాళ్లలో దిగింది, ఒక తుమ్మ ముల్లు సరిగ్గా మడమలో కూర్చుంది. వాడు ఒంగి దాన్ని గోళ్లతో లాగేసి, "మీరు ఏసుకోన్రి సార్. మీకు నియమం లేదు కద" అన్నాడు. అంత మర్యాదగా నన్నెవరూ ఓడించలేదు.

కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు అనే చోటికి చేరాం. వీళ్లు గంగ అనేది ఈ గోదావరినే. మా ఖానాపూర్ పక్కనుంచి పోయేదీ ఇదే గోదావరి. సదర్‌మాట్ ఆనకట్ట నీళ్లు తాగిన ఊళ్లవాళ్లం మేం. అందుకే ఒక పెద్దాయనను అడిగేశాను, గోదావరి నీళ్లే కావాలంటే ఇక్కడికే ఎందుకు, మా దిక్కు కూడా రావచ్చు కదా అని. ఆయన తలపాగా సర్దుకుని, "మా పెద్దలు తోడిన తావునే తోడాలె" అన్నాడు. అంతే. నదిలో నీళ్లు ఎక్కడైనా ఒకటే అన్నది నా లెక్క. ఆయన లెక్కలో ఆ తావు కూడా నీళ్లలో భాగమే.

స్నానాలయ్యాయి, పూజ అయింది. వీళ్ల పూజారిని కటోడా అంటారు. పర్ధాన్‌లు వాద్యం అందుకున్నారు. గోండుల కథలన్నీ గొంతులో మోసేది ఈ పర్ధాన్‌లే. తర్వాత ఝరిలో నీళ్లు నింపారు. ఝరి అంటే ఏ గంగాళమో అనుకునేరు. ఒక పాత్ర. ఒకే ఒక్క పాత్ర. ఇన్ని వందల కాళ్లు, ఇన్ని ముక్కాములు, ఈ చలి, ఆ ఒక్క పాత్రెడు నీళ్ల కోసం! మా ఇంట్లో నలుగురికి రోజుకు ఇరవై లీటర్ల క్యాను వస్తుంది. అది గుమ్మంలోంచి వంటింటి దాకా మోయడానికి నేనూ నా కొడుకూ వాదులాడుకుంటాం.

నీళ్లు నిండాక నేను బస్సులు వెతుక్కున్నాను. వాళ్లు వెనక్కి తిరిగారు, మళ్లీ నడకే.

అప్పటికి నా తల తిరిగిపోయింది. ఇంటికొచ్చి, అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లకుండా ఉండలేకపోయాను. నాగోబా జాతర పుష్య అమావాస్య నాటిది. 2025లో జనవరి 28న మొదలైంది. గంగాజలంతో తిరిగి వచ్చినవాళ్లు నేరుగా గుడికి పోరు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద దిగుతారు. ఆ మర్రి నీడకు మిగతా వంశమంతా ఎడ్లబండ్ల మీద వచ్చి కలుస్తుంది. తెలంగాణ నుంచే కాదు, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా.

మేడారం తర్వాత మన దగ్గర అంత పెద్ద గిరిజన జాతర ఇదేనంటారు. అయినా నన్ను కట్టిపడేసింది జనసంఖ్య కాదు. పొయ్యిలు! మెస్రం వంశంలో 22 కితలు, అంటే శాఖలు. వేల మంది వచ్చినా గుడి దగ్గర వంట ఆ 22 పొయ్యిల మీదే. ఎవరి కితకు ఏ పొయ్యో వాళ్లకు తెలుసు. వరసలో నిలబడి, ఒకరు దించాక ఒకరు ఎక్కిస్తారు. మా పెద్దనాన్న కూతురి పెళ్లిలో రెండు గ్యాసు పొయ్యిల దగ్గర ముగ్గురు తోడికోడళ్లు మాట్లాడుకోవడం మానేశారు, ఇప్పటికీ మాట్లాడుకోరు. ఇక్కడ పొగలో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ వందల మంది ఆడవాళ్లు. వాళ్లలోనూ పోట్లాటలు లేవని నేను చెప్పను, ఉండే ఉంటాయి. వంతు మాత్రం తప్పలేదు.

పనుల పంపకం ఇంకా ముచ్చట. పూజ కుండలు చేసేది సిరికొండ కుమ్మరులు. ఆ కుండల్లో కోనేటి నీళ్లు తెచ్చేది ఆడపడుచులూ అల్లుళ్లూ. ఆ నీళ్లతో మట్టి తడిపి పుట్ట కట్టేదీ వాళ్లే. ఇంటి మగవాళ్లు గోదావరి దాకా నడిచి నీళ్లు తేవాలి, పెళ్లయి పోయిన ఆడపిల్ల తిరిగొచ్చి ఇంటి కోనేట్లో నీళ్లు తోడాలి, పరాయి వంశపు అల్లుడు మట్టి పిసకాలి. చుట్టరికం అంటే పేరుకు కాదు, ప్రతి చుట్టానికీ ఒక పని ఉంది.

బారు చివరన దొరికిన ఆ పిల్లవాడు అక్కడ మళ్లీ కనబడ్డాడు. కాళ్లు పగిలి ఉన్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఎందుకో అప్పుడు చెప్పాడు. వాళ్ల అన్నకు కిందటేడు పెళ్లయింది. ఆ వదినకు ఈ ఏడు భేటీ.

భేటీ అంటే ఏమిటో మీకూ చెప్పాలి. మెస్రం ఇంటికి కోడలై వచ్చిన పిల్లకు నాగోబా ఎదుట పరిచయం జరగాలి. అమావాస్య రాత్రి గోదావరి జలంతో మహాపూజ అయ్యాక, కొత్త కోడళ్లు తెల్లచీరల్లో, ముసుగులు వేసుకుని, ముసలమ్మలు వెంట ఉండి నడిపిస్తుంటే ఒకరి వెనక ఒకరు వస్తారు. పెద్దలకు మొక్కుతారు, దేవుడికి మొక్కుతారు. అప్పటికి ఆమె పూర్తిగా ఆ వంశపు మనిషి. మొదట దేవుడికి నీళ్లు, ఆ తర్వాతే కోడలికి ప్రవేశం. అంటే వాడు చలిలో వట్టి కాళ్లతో నడిచింది, ఒకరకంగా, వదినను ఇంట్లోకి పిలుచుకోవడానికే. ఈ మాట నేనంటే వాడు సిగ్గుపడి, "అట్లేం లేదు సార్" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఉండొచ్చు" అన్నాడు.

ఇంటిల్లిపాదీ కలిసి నడవడం అంటే గుర్తొచ్చింది, ఆమధ్య ఒక అమెరికా కుటుంబం గురించి చదివి తెగ మెచ్చుకున్నాను. 2018లో తల్లీ తండ్రీ, రెండేళ్ల పసివాడితో సహా ఆరుగురు పిల్లలు, అపలేచియన్ కొండల దారి మూడున్నర వేల కిలోమీటర్లు 161 రోజుల్లో నడిచారు. గొప్ప సంగతే, ఇప్పుడూ తక్కువ చెయ్యను. వాళ్లు కలిసి ఉండటం కోసం ఇల్లు వదిలి ఒక దారి వెతుక్కున్నారు. మా పిల్లవాడికి దారి పుట్టకముందే ఉంది. వాడు చెయ్యాల్సిందల్లా చెప్పులు విప్పి బారులో కలవడం. పదిహేడేళ్లవాడు అలా కలవడం తేలికని మాత్రం అనుకోకండి. ఫోనుంది, హాస్టలుంది, పరీక్షలున్నాయి, వెక్కిరించే స్నేహితులూ ఉంటారు.

దర్బారు కూడా చూశాను. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాక, గిరిజనుల గోడు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ దశకంలో మొదలుపెట్టించినది అది. అధికారులు ఏటా వచ్చి అర్జీలు తీసుకుంటారు. మంచిదే. కాకపోతే కెమెరాలన్నీ అటే ఉంటాయి. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగిన కొత్త రాతి గుడిని మెస్రంవాళ్లు సొంత చందాలతో కట్టుకున్నారన్న సంగతి కూడా ఆ కెమెరాల హడావుడిలో పక్కకు పోతుంది. ఆ స్తంభాల మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉన్నాయి.

మనవైపు వాళ్లకు ఒక మాట. పుష్యంలో నెలవంక కనబడ్డాక ఉట్నూరు, జన్నారం రోడ్ల మీద బండి నడిపేవాళ్లు కాస్త చూసుకుని పోండి. తెల్ల తలపాగాల బారు ఎదురైతే హారన్ కొట్టకండి, సెల్ఫీ కోసం అడ్డం పడకండి. ఇంజను ఆపి, దిగి, రామ్ రామ్ అనండి. బారు చివర మీసం మొలవని పిల్లవాడు ఎవడో ఒకడు తప్పకుండా ఉంటాడు. ఇంట్లోంచి ఎంతమంది వచ్చారని వాణ్ని అడగండి.