రెండు చుక్కల ఇంజిన్

పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ 1489 సీసీ. దాన్ని 24 రెట్లు చిన్నది చేస్తే ఎంతవుతుంది? మొదట నేను 1489ని 24తో భాగించి 62 అనుకున్నా. లూనా ఇంజిన్ కంటే కొంచెం పెద్దదన్నమాట. తప్పు. పొడవు 24 రెట్లు తగ్గితే వెడల్పూ, ఎత్తూ కూడా అంతే తగ్గుతాయి. అంటే 24ని 24తో, మళ్ళీ 24తో హెచ్చవేసి, ఆ 13,824తో భాగించాలి. అప్పుడు వచ్చేది దాదాపు 0.108 సీసీ. నాలుగు సిలిండర్లూ కలిపి రెండు నీటి చుక్కలు.

ఆ రెండు చుక్కల ఇంజిన్‌ని ఏడు నెలలుగా మా డైనింగ్ టేబుల్ మీద కడుతున్నాను. నిజానికి అందులో సిలిండర్లు లేవు, పిస్టన్లు లేవు. బయటికి కనిపించే రూపం మాత్రమే. మొత్తం కలిపి బొటనవేలి చివరి కణుపంత ఉంటుంది.

స్కేల్ మోడల్ కార్లంటే చాలామందికి తెలిసింది కిట్లు. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ముక్కలుంటాయి. తుంచి, గీకి, అతికించి, రంగేస్తే కారు వస్తుంది. స్క్రాచ్ బిల్డింగ్ వేరు. అక్కడ పెట్టె ఉండదు. ప్లాస్టిక్ షీటు, తీగ, రేకు, గొట్టం, ఏది దొరికితే దానితో ప్రతి ముక్కా మనమే చేసుకోవాలి. ఇంగ్లండులో జెరాల్డ్ వింగ్రోవ్ అని ఒకాయన పాతకాలపు ఖరీదైన కార్లని 1/15 సైజులో ఇలాగే కట్టాడు, చక్రాల పుల్లలతో సహా. ‘ద కంప్లీట్ కార్ మోడలర్’ అని పుస్తకం కూడా రాశాడు. అమెరికాలో ఇంకొకాయన 1/6 సైజులో డ్యూసెన్‌బర్గ్ కారు కట్టి, దాని ఇంజిన్ నిజంగా స్టార్ట్ అయ్యేలా చేశాడు. వాళ్ళకి లేత్ మెషీన్లున్నాయి. నాకున్నది ఒక చేతి డ్రిల్లు, నాలుగు సన్నాకురాళ్ళు, శని, ఆదివారాలు.

ఫెరారీకో పోర్షాకో అయితే కిట్లు బోలెడు. అంబాసిడర్ ఇంజిన్‌కి నాకెక్కడా దొరకలేదు. నేనే కట్టుకోవడానికి అదొక కారణం. రెండో కారణం పక్కగదిలో టీవీ చూస్తూ ఉంటుంది.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్లో షెడ్డుండేది. ఎక్కువగా అంబాసిడర్లే వచ్చేవి. నేను స్కూలు అప్లికేషన్లో తండ్రి వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు, షెడ్డు సొంతానిదే. కానీ ఎందుకలా రాసేవాణ్ణో నాకు తెలుసు. నాన్నకీ తెలుసనుకుంటా, ఎప్పుడూ దిద్దమనలేదు. సాయంత్రం కిరసనాయిలుతో ఒకసారి, బట్టల సబ్బుతో ఒకసారి చేతులు కడిగేవాడు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

నన్ను షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. క్యారేజీ ఇచ్చి గుమ్మం దగ్గర్నుంచే వెళ్ళిపోవాలి. ఒకసారి కింద పడున్న పానా తీసి ఇవ్వబోతే, “నువ్వు ముట్టుకోకు, పుస్తకాలకి అంటుద్ది” అన్నాడు. ఆయన కోరుకున్నట్టే నాకు గ్రీజు అంటలేదు. ఇంజినీరింగ్ చదివాను, హైదరాబాదులో కోడ్ రాసుకుంటున్నాను. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ అంబాసిడర్ తయారీ ఆపేసిన నాటికి నాన్న షెడ్డులో రోజుకి ఒక బండి వస్తే గొప్ప. తర్వాత రెండేళ్ళకి షెడ్డు అమ్మేసి నా దగ్గరికి వచ్చేశాడు. అమ్మ లేదు. నాకూ ఆయనకీ మధ్య మాటలు ‘తిన్నావా’, ‘మందులేసుకున్నావా’ దగ్గర ఆగిపోతుంటాయి.

ఇంజిన్ మొదలుపెట్టినప్పుడు ఆయన్ని అడగలేదు. ఎందుకు అడగలేదంటే చెప్పడం కష్టం. ఆయన ముప్ఫై ఏళ్ళు నడుం విరగ్గొట్టుకున్న పనిని నేను కాలక్షేపానికి చేస్తున్నానని అనిపించేది. ఇంటర్నెట్లో ఫోటోలు వెతుక్కున్నా. దాని మూలం బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ-సిరీస్ ఇంజిన్. కొలతలు దొరుకుతాయి. సిలిండర్ బోరు 73 మిల్లీమీటర్లు, అంటే నాకు 3. స్ట్రోకు 88.9, అంటే నాకు 3.7. కాగితం మీద అన్నిటినీ 24తో భాగించుకుంటూ పోయా. అసలు బండిలో ఇంచీ ఉన్నది నా టేబుల్ మీద ఒక మిల్లీమీటరు చిల్లర.

బ్లాకుకి గడువు తీరిన డెబిట్ కార్డులు వాడాను. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పొరలు పొరలుగా సూపర్ గ్లూతో అతికించి, అరగదీస్తే గట్టి దిమ్మ వస్తుంది. ఫ్యాన్ రెక్కలకి కూల్‌డ్రింక్ క్యాన్ రేకు. అది మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, 24తో హెచ్చిస్తే 2.4 మిల్లీమీటర్లు. నిజం ఫ్యాన్ రేకు కంటే కొంచెం మందమే, కానీ కంటికి ఆనదు. రేడియేటర్ పైపులకి సోల్డర్ తీగ మంచిది, వంచితే నొక్కుకుపోదు. పెట్రోల్ పైపుకి ఇంజెక్షన్ సూది. కార్బరేటర్ పైన గంటలా ఉండే భాగానికి బాల్‌పాయింట్ రీఫిల్ ఇత్తడి కొస. దాన్ని డ్రిల్లుకి బిగించి, తిప్పుతూ ఆకురాయి ఆనించి అరగదీశాను. నా లేత్ అదే.

ప్లగ్ వైర్లే ఏడిపించాయి. అసలు వైరు మందం 7 మిల్లీమీటర్లు, నాక్కావలసింది 0.29. ఛార్జర్ వైరు చీలిస్తే వచ్చే పోగులు మరీ సన్నం. చివరికి రాణిగంజ్‌లో మోటార్ రివైండింగ్ చేసే షాపుకెళ్ళి 30 గేజి ఎనామిల్ తీగ అడిగా. 0.315 మిల్లీమీటర్లు. “ఎన్ని కేజీలు?” అన్నాడు షాపతను. “ఒక మీటరు” అన్నా. నవ్వి ఊరికే ఇచ్చేశాడు.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కడ్డీ. దాని నెత్తిన ఐదు రంధ్రాలు పెట్టాలి, నడుమ ఒకటి కాయిల్ నుంచి వచ్చే వైరుకి, చుట్టూ నాలుగు ప్లగ్గులకి. అర మిల్లీమీటరు పక్కకి పోతే రెండు రంధ్రాలు కలిసిపోతాయి. మూడు క్యాపులు పాడుచేసి, ఆరు డ్రిల్ బిట్లు విరగ్గొట్టా. కిందపడ్డ ముక్కల్ని వెతకడం ఇంకో విద్య. గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చిని నేలకి ఆనించి పెట్టాలి. ఆవగింజంత ముక్కకైనా పొడుగాటి నీడ పడుతుంది. నీడని బట్టి ముక్కని పట్టుకోవాలి.

ఇంత చేసినా కొన్ని చిన్నవి కావు. రంగు ఒక పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకుందాం. ఈ సైజులో అది 1.2 మిల్లీమీటర్ల మందం రంగుతో సమానం. నాలుగు పొరలేస్తే బోల్టులన్నీ బురదలో కూరుకుపోయినట్టు అవుతాయి. అందుకే మోడల్ కట్టేవాళ్ళందరూ ఎక్కడో అక్కడ మోసం చేస్తారు. కొలత ప్రకారం చేసింది కంటికి ఎబ్బెట్టుగా ఉంటే కొలతే మారుస్తారు. కనబడనిదాన్ని వదిలేస్తారు. నేనూ వదిలేశాను. ఇంజిన్‌కి ఒకవైపు ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, డైనమో. రెండోవైపు కార్బరేటర్, మ్యానిఫోల్డ్. ఆ మ్యానిఫోల్డ్ కింద ఏముంటుందో నాకు దొరికిన ఒక్క ఫోటోలోనూ సరిగ్గా లేదు. అక్కడ బ్లాకుని నున్నగా ఉంచేసి, పైన మ్యానిఫోల్డ్ తాత్కాలికంగా తగిలించా. బోనెట్ కింద దాన్నెవరు చూస్తారు?

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు ఆఫీసు కాల్ అయ్యాక హాల్లోకి వస్తే నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. అందుకని ముట్టుకోలేదు. నా భూతద్దం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇంజిన్ చుట్టూ తల తిప్పుతున్నాడు. రంగు కూడా వెయ్యలేదింకా. సగం తెలుపు, సగం బ్యాంకు పేర్లు.

“పెట్రోల్ బండిది” అన్నాడు.

“అవును నాన్నా.”

“దీనికెంతిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు. ఊరికే.”

ఆయనేమీ అనలేదు. ‘ఊరికే’ అన్న మాటకి నాకే సిగ్గేసింది. కాసేపాగి, “ఇది స్టార్ట్ అవదురా” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. డెబిట్ కార్డుల ఇంజిన్ స్టార్టెలా అవుతుంది? కానీ ఆయన నవ్వడం లేదు. వేలు చూపించాడు. “వైర్లు తప్పు పెట్టావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా ఇచ్చేశావు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. రోటర్ ఎడంవైపుకి తిరుగుద్ది. గడియారం తిరిగేవైపు కాదు.”

ఏడు నెలల్లో నేను వైరు మందం గురించి ఆలోచించాను, రంగు గురించి ఆలోచించాను, వంపు గురించి ఆలోచించాను. అవి ఎందుకున్నాయో ఆలోచించలేదు. సిలిండర్లు వరసలో పేలవని ఎప్పుడో పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాశాను. కానీ వైర్లు అతికించేటప్పుడు నాకు అవి నాలుగు నల్లగీతలు. నేను ఇంజిన్ బొమ్మని చూస్తున్నా. ఆయన ఇంజిన్‌ని చూస్తున్నాడు. అది బొటనవేలంత ఉండటం ఆయనకి పెద్ద విషయంలా అనిపించలేదు.

తర్వాత మ్యానిఫోల్డ్ వైపు వంగాడు. అడుగుతాడని అనుకోలేదు. “సైడు ప్లేట్లేవి?”

“ఏ ప్లేట్లు?”

“టాపెట్లు ఉంటయ్ కదా ఇక్కడ. రెండు రేకు మూతలు. లోపల కార్క్ ప్యాకింగు. ఈ బళ్ళన్నిటికీ రోగం అక్కడే, ఆయిలు కారుద్ది. మార్చాలంటే పైనున్నదంతా ఊడదియ్యాలి. అంత పని దేనికని పైపైన తుడిచి పంపిచ్చేసేవాళ్ళు చాలామంది.”

“నువ్వు?”

“నేను ఊడదీసేవాణ్ణి. అందుకే మన దగ్గర లేటయ్యేది.”

చిన్నప్పుడు రాత్రి తొమ్మిదైనా నాన్న రాకపోతే అమ్మ విసుక్కోవడం గుర్తొచ్చింది. ఆ తొమ్మిది గంటల వెనక ఒక కార్క్ ముక్క ఉందని మాకెవరు చెప్పారు? షెడ్డు గురించి ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. గుమ్మం దాటి లోపలికి రానిచ్చినట్టు అనిపించింది. అప్పటికి అక్కడ షెడ్డు లేదు, వేరే ఏదో గోడౌను ఉందట.

ఆ రాత్రే మ్యానిఫోల్డ్ తీసేశా. క్యాన్ రేకు కత్తిరించి, మొద్దుబారిన సూదితో వెనకనుంచి నొక్కి, అంచులు లేచిన రెండు మూతలు చేశా. కార్క్‌కి గోధుమరంగు కాగితం. నాన్న పక్కనే కూర్చున్నాడు. మొదటి మూత చూసి, “కిందికి ఉంది, పైకి జరుపు” అన్నాడు. జరిపా. “ఇంకొంచెం.” ఈసారి ఎంత జరిపానో నాకే కనబడలేదు. “ఆఁ” అన్నాడు.

వైర్లు మళ్ళీ పెట్టేటప్పుడు ఒకటి తను పెడతానన్నాడు. పట్టకారు ఇచ్చా. తీగ కొస రంధ్రం చుట్టూ తిరిగింది గానీ లోపలికి వెళ్ళలేదు. మూడుసార్లు చూసి, పట్టకారు నా చేతిలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన నంబర్లు చెప్తుంటే నేను పెట్టా. ఒకటి. మూడు. నాలుగు. రెండు.

“వెనక ప్లేటు కింద కొంచెం ఆయిలు మరక పెట్టు” అన్నాడు చివర్లో.

“నువ్వు ప్యాకింగ్ మార్చావుగా, కారదుగా?”

“మార్చినా ఆర్నెల్లే.”

నల్లరంగులో కొంచెం గోధుమరంగు కలిపి, సూదిమొనతో ఒక చుక్క కిందికి లాగా. ఆరాక మ్యానిఫోల్డ్‌ని దాని మీద శాశ్వతంగా అతికించేశా. ఇంక ఆ ప్లేట్లూ కనబడవు, మరకా కనబడదు.

మర్నాడు ఆదివారం. టిఫిన్ తింటూ, “క్లచ్ ప్లేటు పెట్టావా?” అన్నాడు.

“అది లోపలుంటుంది కదా నాన్నా. మూసేశాను.”

ఆయన ఇడ్లీ తుంచుకుని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. నేను ప్లేటు కడిగేసి, బ్లేడు తీసుకుని, గేర్‌బాక్స్ దగ్గరి అతుకు కోయడం మొదలుపెట్టా.