మళ్ళీ వచ్చిన బేతాళుడు

బాలలూ! కథల పుస్తకం చేతికి రాగానే మీరు ముందు చూసేది కథనా, బొమ్మనా? నిజం చెప్పండి. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పనిచేశాను గాని, ముందు అక్షరాలు చదివి తరవాత బొమ్మ చూసిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. పెద్దవాళ్ళూ అంతే. కాకపోతే వాళ్ళు ఎవరూ చూడకుండా చూస్తారు.

నేను చెప్పబోయేది ఒక చిత్రకారుడి సంగతి. ఆయన పేరు శంకర్. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులో పుట్టి, మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదువుకుని, 1952లో "చందమామ" పత్రికలో చేరాడు. "చందమామ" అంటే నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జులైలో మద్రాసులో ప్రారంభించిన పిల్లల మాసపత్రిక. ఇప్పుడది లేదు. మీ తాతయ్యనో, అమ్మమ్మనో ఆ పేరు చెప్పి అడగండి. గంటసేపు మీకు వేరే పని ఉండదు.

ఆ పత్రికలో నెలనెలా బేతాళకథ ఒకటి వచ్చేది. విక్రమార్క మహారాజు నడిరాత్రి శ్మశానంలో చెట్టు మీది శవాన్ని దించి, భుజాన వేసుకుని నడుస్తూ ఉంటాడు. శవంలో ఉన్న బేతాళుడు దారిలో ఆయనకొక కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. ఈ కథలు చాలా పాతవి. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన "కథాసరిత్సాగరం"లో ఇవి ఇరవై అయిదున్నాయి. "చందమామ" వాళ్ళు అక్కడ ఆగకుండా, కొత్త కొత్త కథలు అల్లి ఏళ్ళ తరబడి బేతాళుడి చేత చెప్పించారు. కత్తి పట్టిన రాజు, భుజాన శవం, వెనక శ్మశానం ఉన్న బొమ్మ చూస్తే శంకర్ అని మాకు తెలిసిపోయేది.

ఈ రోజుల్లో మీకు ఆకాశంలో ఎగిరే వీరులూ, పిడికిలితో గోడలు పగలగొట్టే వీరులూ చాలామంది తెలుసు. మా విక్రమార్కుడికి అవేమీ రావు. ఆయన చేయగలిగిందల్లా తిరిగి ఆ చెట్టు దగ్గరికి నడవటమే. అయినా మాకు ఆయన ఏ వీరుడికీ తీసిపోయినవాడు కాడు.

మా ఊరు పల్నాడు జిల్లాలోని కొండవీడు. కొండ మీద కోట ఉన్నది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు దాన్ని రాజధాని చేసుకుని పాలించారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు గనక కారులో కూడా పైకి పోవచ్చు. మా చిన్నతనంలో సీతాఫలం పొదల మధ్యగా కాలినడకనే ఎక్కేవాళ్ళం. కనుక కూలిన బురుజు ఎలా ఉంటుందో, రాతిగోడ సందులోకి చెట్టు వేరు ఎలా దిగుతుందో ఈ ఊరి పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. శంకర్ గీసిన కోటలను వాళ్ళు పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళలాగా చూసేవారు. ఒకసారి మా బడిపిల్లవాడొకడు పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఈయన మన కొండ ఎక్కాడు, మాస్టారూ!" అని తీర్పు చెప్పాడు.

1998లో "చందమామ" ఆగిపోయింది.

మా బడికి ప్రతి నెలా ఒక సంచిక చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చేది. దుకాణం వాళ్ళు కండక్టరు చేతికిస్తే, ఆయన మా వీధి మలుపులో ఇచ్చి పోయేవాడు. పత్రిక ఆగిన తరవాత కూడా కొన్ని నెలలపాటు పిల్లలు బస్సుకు ఎదురు వెళుతూనే ఉండేవారు. కండక్టరు దిగకుండానే, చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు మూడో తరగతి పిల్లవాడొకడు. వాడికి అక్షరాలన్నీ వచ్చు. విడివిడిగా మాటలు కూడా చదివేవాడు. వాక్యం మాత్రం చివరిదాకా సాగేది కాదు. ఏటి నడుమ ఎద్దులాగా సగంలో నిలబడిపోయేది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన పద్ధతులు ఒకటి తరవాత ఒకటి ప్రయత్నించాను. చివరకు ఒకనాడు బేతాళకథ తెరిచి, కథను కాగితంతో కప్పేసి, "ఈ బొమ్మలో ఏం జరుగుతున్నదో చెప్పు," అన్నాను. వాడు చెప్పినదంతా నల్లబల్ల మీద రాశాను. తన మాటలే గనక తడుముకోకుండా చదివాడు. వెంటనే వాడికొక అనుమానం వచ్చింది: పుస్తకంలో కథ కూడా ఇదేనా? తేల్చుకోవాలంటే చదవక తప్పదు. ఆ విధంగా నెలకొక కథ చొప్పున వాడి చదువు సాగింది.

పాత సంచికలతో ఈ పని జరగదు. కథ తెలిసిపోయిన తరవాత ఎవడు చదువుతాడు? వేరే పుస్తకాలు తెచ్చి ఇచ్చాను. వాడు బొమ్మ చూసి పుస్తకం మూసేసేవాడు. "ఇందులో ఏమీ జరగటం లేదు, మాస్టారూ," అనేవాడు. వాడి మాట విని నేను ఆ బొమ్మలను జాగ్రత్తగా చూశాను. రాజు ఉన్నాడు, రాణి ఉన్నది, ఇద్దరూ మన వంక చూస్తున్నారు, అంతే. శంకర్ బొమ్మలో అలా కాదు. ఒకడు తలుపు తీస్తూ ఉంటాడు, తలుపు వెనక ఉన్నవాడు ఊపిరి బిగబట్టి ఉంటాడు, మూలనున్న ముసలమ్మ ఇద్దరినీ చూస్తూ ఉంటుంది. తరవాత ఏమవుతుందో తెలియకుండా ఆ పేజీ తిప్పలేం.

1999 చివరలో "చందమామ" తిరిగి వచ్చింది. బేతాళకథకు బొమ్మలు వేసింది శంకరే!

మా వీధి అరుగు మీద ఆ సాయంత్రం జరిగిన రభస ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నది. పిల్లలకన్నా ముందు పెద్దలే పుస్తకం లాక్కున్నారు. చిన్నప్పటినుంచీ "చందమామ" చదివిన మనుషులు మా ఊళ్ళో అరడజను మంది ఉండేవారు. టైలరు మొదట రాజుగారి పాదాలు చూశాడు. "గీత సన్నబడింది. ఈ బొమ్మ ఆయనది కాదు. ఎవరో శిష్యుడు వేస్తే ఆయన సంతకం పెట్టాడు," అన్నాడు. పోస్టాఫీసు పనినుంచి రిటైరైన పెద్దాయన, "రంగులు కూడా అవి కావు," అన్నాడు. కిరాణా దుకాణం ఆయన మాత్రం ఏమీ అనకుండా పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ అదే పేజీ చూసి, ముక్కు తుడుచుకున్నాడు. వాదన కొండవీటి చేంతాడులాగా సాగింది. ఒకరి మాట ఒకరు వినలేదు. అయితే ఒక్కరు కూడా పుస్తకం అవతలికి ఇవ్వలేదు!

నా మూడో తరగతివాడు అప్పటికి నాలుగో తరగతికి వచ్చాడు. వాడు ఇంటికి పరుగెత్తి పాత సంచిక తెచ్చి, రెంటినీ అరుగు మీద పక్కపక్కన పెట్టాడు. రెండింటిలోనూ సంతకాలను బొటనవేళ్ళతో మూశాడు. పాదాలు, చేతివేళ్ళు, నడుముకు కట్టిన బట్ట ముడి, చెట్టు బెరడు ఒకటొకటిగా పోల్చి చూశాడు. "ఒకరే," అన్నాడు.

వాడికి తెలియదు గాని, ఇది పెద్ద పెద్ద పండితులు వాడిన పద్ధతి. 19వ శతాబ్దంలో ఇటలీలో జొవాన్ని మొరెల్లి అనే ఆయన ఉండేవాడు. ఆయన వైద్యం చదువుకున్నాడు. సంతకం లేని పాత చిత్రాలు ఎవరు గీసినవో కనిపెట్టటానికి ఆయన ముఖాలను నమ్మలేదు. ముఖాన్ని అందరూ శ్రద్ధగా గీస్తారు, ఇతరులను చూసి అనుకరిస్తారు కూడా. చెవి తమ్మె, గోళ్ళు, వేళ్ళ కణుపులు గీసేటప్పుడు ఎవరి చెయ్యి దాని అలవాటు ప్రకారం పోతుంది. కాబట్టి అవే చూడాలన్నాడు.

ఇక రంగుల మాట. మీ దగ్గర భూతద్దం ఉంటే, రంగుల్లో అచ్చయిన ఏ బొమ్మనయినా దానితో చూడండి. ఆకుపచ్చ చీర ఆకుపచ్చగా ఉండదు! లేతనీలం చుక్కలూ, పసుపు చుక్కలూ పక్కపక్కన కనిపిస్తాయి. లేతనీలం, గులాబి ఎరుపు, పసుపు, నలుపు—ఈ నాలుగు సిరాల చుక్కలతోనే అచ్చు యంత్రం అన్ని రంగులూ పుట్టిస్తుంది. మన కన్ను వాటిని కలిపేసుకుంటుంది. కాగితం నునుపైతే చుక్క బిగువుగా నిలుస్తుంది, గరుకైతే సిరా పాకుతుంది. అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో, చిత్రకారుడి గీతను ఫోటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేని చోటునంతా ఆమ్లంతో కరిగించి బ్లాకు తయారుచేసేవారు. ఆఫ్‌సెట్ అచ్చులో ఆ బ్లాకే లేదు. అందుచేత గీత సన్నబడితే అది చిత్రకారుడి పనే అయి ఉండనక్కర్లేదు. ఈ మాట నేను టైలరుకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

పిల్లలకు ఇవేమీ పట్టలేదు. శంకర్‌కు అప్పుడు 75 ఏళ్ళని నేను చెప్పగానే మాత్రం వాళ్ళు నోళ్ళు తెరిచారు. "మా తాతకన్నా పెద్దవాడా? మరి విక్రమార్కుడికి ఒక్క వెంట్రుకా నెరవలేదేం?" అన్నది ఒక పిల్ల. దానికి జవాబు నాకూ తెలియదు. జవాబు చెప్పాలనీ అనిపించలేదు.

చిత్రకారుడు తిరిగివస్తే అభిమానులు దెబ్బలాడుకోవటం మా అరుగు మీదనే జరిగిందనుకోకండి. అమెరికాలో "కెప్టెన్ అమెరికా" అనే బొమ్మల కథ ఉన్నది. గుండ్రని డాలు పట్టుకుని తిరిగే వీరుడి కథ అది. ఆ వీరుణ్ణి 1941లో జో సైమన్, జాక్ కర్బీ అనే ఇద్దరు కలిసి సృష్టించారు. కర్బీ ఆ ప్రచురణసంస్థను విడిచి వెళ్ళి, 1975లో తిరిగివచ్చి, మరుసటి ఏడు ఆ కథను మళ్ళీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఈసారి బొమ్మలే కాక కథ కూడా ఆయనదే. కొందరు అభిమానులు పండగ చేసుకున్నారు. కొందరు మాత్రం, నడుమ వచ్చిన కథలను ఈయన పట్టించుకోవటం లేదనీ, మనుషులను మరీ దిమ్మెల్లాగా గీస్తున్నాడనీ పత్రికకు కోపంగా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలను పత్రికవాళ్ళు అచ్చు కూడా వేశారు. అప్పుడు తిట్లు తిన్న ఆ సంచికలను ఇప్పుడు భద్రంగా దాచుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. నాకు అనిపించేదేమంటే, ఉత్తరాలు రాసినవాళ్ళు కర్బీ కోసం ఎదురుచూడలేదు. తాము పదేళ్ళ పిల్లలుగా ఉన్నప్పటి సాయంత్రం కోసం ఎదురుచూశారు. మా టైలరూ అంతే.

తిరిగి రావటానికి వీలు లేకుండా పోయినవాడు ఇంకొకడున్నాడు. ఆయన "చిత్ర". అసలు పేరు టి.వి. రాఘవన్. శంకర్ లాగా కళాశాలలో నేర్చుకున్నవాడు కాదు, తనంతట తానే నేర్చుకున్నాడు. 1954లో మొదలైన "తోకచుక్క" లగాయతు "కంచుకోట", "రాకాసిలోయ", "శిథిలాలయం" వంటి సాహస ధారావాహికలకు ఆయనే బొమ్మలు వేశాడు. ఆ ధారావాహికలు రాసినది దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన పేరు పత్రికలో వేసేవారు కారు! బొమ్మ మూల చిత్రకారుడి సంతకం మాత్రం ఉండేది. కనుక మా తరం పిల్లలకు ఆ మాంత్రికులనూ, గండభేరుండాలనూ ఇచ్చినవాడు చిత్రే. ఆయన 1978లో చనిపోయాడు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. "చందమామ" కొనటం నామోషీగా ఉండే వయసు. అయినా ఆ వార్త తెలిసిన రోజున అన్నం సహించలేదు.

ఆయన కూడా మరొక విధంగా తిరిగివచ్చాడు. "చందమామ" మళ్ళీ నడిచిన కాలంలో ఆ పాత ధారావాహికలను పాత బొమ్మలతోనే తిరిగి వేశారు. మా బడిపిల్లలు ఆ బొమ్మలు చూసి, "మాస్టారూ, ఈ కొత్తాయన శంకర్‌కు గట్టిపోటీ ఇస్తున్నాడే!" అన్నారు. కొత్తాయన! చనిపోయి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి! చెబుదామా, వద్దా అని నేను ఒక పూటంతా ఆలోచించాను. చెప్పాను. వాళ్ళు కాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకడు, "అయితే తరవాతి నెల బొమ్మ వేసే ఉంటుందిగా?" అని అడిగాడు. వేసే ఉన్నదని చెప్పాను. వాడికి ధైర్యం వచ్చింది.

ఆ నాలుగో తరగతివాడు 1999 బేతాళకథ చదవటానికి రెండు రోజులు పట్టింది. మొదట బొమ్మ చూసి తన కథ చెప్పాడు, తరవాత పుస్తకం కథ చివరిదాకా చదివాడు. ఎక్కడా ఎద్దు నిలబడలేదు. "సగం నాదీ, సగం వాళ్ళదీ," అన్నాడు. బేతాళుడి ప్రశ్నకు వాడి జవాబు విక్రమార్కుడి జవాబుతో కలవలేదు. తన జవాబే మంచిదని ఇప్పటికీ వాదిస్తాడు.

"చందమామ" ఆగిపోయేదాకా, అంటే తొంభై ఏళ్ళకు దగ్గర పడేదాకా, శంకర్ బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. 2020 సెప్టెంబరు 29న చెన్నైలో చనిపోయాడు. 2021లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు.

ఈ సెలవుల్లో మీరొక పని చేయండి. పాత "చందమామ"లు ఎవరి అటకమీదనైనా దొరుకుతాయి. దుమ్ము దులిపి, శంకర్ బొమ్మలు నాలుగు, చిత్ర బొమ్మలు నాలుగు ఏరండి. సంతకాలు కనిపించకుండా కాగితం ముక్కలు పెట్టండి. ముఖాల జోలికి పోకుండా, వేళ్ళూ, పాదాలూ, బట్టల మడతలూ చూసి ఏది ఎవరిదో చెప్పటానికి ప్రయత్నించండి. మూడు నాలుగు బొమ్మలు దాటేసరికి మీ కన్ను పట్టుకుంటుంది. తరవాత అవే బొమ్మలు మీ తాతయ్య ముందు పెట్టండి. కళ్ళజోడు లేకుండానే ఆయన చెప్పేస్తాడు.