ఇషా తర్వాత నడక

సౌదీలోని హాయిల్‌లో రాత్రి ఇషా నమాజు అయ్యాక నడకకు వచ్చేవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. అబాయా కింద స్పోర్ట్స్ షూ వేసుకున్న ఆడవాళ్లను చూస్తే ఎంత సంతోషమో! ఆడవాళ్ల జిమ్‌లకు లైసెన్సులు ఇస్తామని ఈ దేశం ప్రకటించింది 2017లోనే. యోగాను క్రీడగా గుర్తించిందీ ఆ ఏడాదే. వారానికోసారైనా వ్యాయామం చేసేవాళ్లను 13 శాతం నుంచి 40కి పెంచాలన్నది సౌదీ ప్రభుత్వ ప్రణాళిక విజన్ 2030 పెట్టుకున్న లక్ష్యం.

నా బెంగల్లా ఇక్కడి లేబర్ క్యాంపుల్లో ఉండే మన తమ్ముళ్ల గురించే. పగలంతా బస్తాలు మోసేవాడికి మళ్లీ ఎక్సర్‌సైజ్ ఎందుకంటారు. మోత నడుముని అరగదీస్తుందిరా, బలపరచదు. డ్యూటీ దిగాక పది నిమిషాలు ఒళ్లు సాగదీయండి, మంచాల మధ్య జాగా చాలు. ఈ శుక్రవారం పొద్దెక్కకముందే అజా కొండల వైపు నడుద్దాం. వచ్చేవాళ్లు కామెంట్లో చెప్పండి, నీళ్లు నేను తెస్తాను.