వర్డ్‌లో టేబుల్ మెనూ ఎటు పోయింది?

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి. డిగ్రీలో చేరాక కంప్యూటర్ ల్యాబ్‌లో "మనకిది రాదులే" అనుకుని వెనక కుర్చీలో కూర్చునే మనవాళ్ల కోసం రాస్తున్నా.

నేను కంప్యూటర్ నేర్చుకున్నది కాలేజీలో కాదు. ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో మా మండలంలో ఒక జిరాక్స్ షాపులో. అక్కడ ఒక పాత కంప్యూటర్, అందులో వర్డ్ 2003. షాపు అన్న జీతం ఇవ్వలేదు, మధ్యాహ్నం అన్నం పెట్టి పని నేర్పాడు. దరఖాస్తులు, బోనఫైడ్ లెటర్లు, పెళ్లి లిస్టులు, అన్నీ కొట్టా. రెండు నెలలకి ఆయన టీ తాగడానికి పోతే షాపు నేనే చూసుకునేదాన్ని.

కానీ ఎలా నేర్చుకున్నానో చెప్పాలి, అసలు విషయం అక్కడే ఉంది. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. బడిలో తెలుగు. కంప్యూటర్‌లో ఇంగ్లీషు. వర్డ్ పైవరసలో తొమ్మిది మాటలుండేవి: ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్, ఫార్మాట్, టూల్స్, టేబుల్, విండో, హెల్ప్. ఫార్మాట్ అంటే అర్థం ఏంటో అప్పుడు నాకు తెలీదు. అది ఐదోది అని తెలుసు. టేబుల్ ఏడోది. కత్తెర బొమ్మ నొక్కితే పోతుంది, ఫ్లాపీ బొమ్మ నొక్కితే ఉంటుంది. (ఆ ఫ్లాపీ అనే వస్తువుని నేను నా జన్మలో చూడలేదు. "అది పాతకాలం పెన్‌డ్రైవ్‌లే అమ్మా" అన్నాడు షాపు అన్న.) అంటే నేను పేర్లు నేర్చుకోలేదు, జాగాలు నేర్చుకున్నా. అడవిలో దారి గుర్తుపెట్టుకున్నట్టే, ఇప్పచెట్టు దగ్గర ఎడమకి, బండ దాటాక కుడికి.

డిగ్రీలో మొదటిసారి ల్యాబ్‌లో వర్డ్ తెరిచా. ఒక్క చెట్టూ లేదు. హోమ్, ఇన్సర్ట్, డిజైన్, లేఅవుట్, రిఫరెన్సెస్, మెయిలింగ్స్... కింద రంగురంగుల బొమ్మలతో వెడల్పాటి పట్టీ. ఫైల్‌లో ఉండే పేజ్ సెటప్ లేఅవుట్‌లోకి పోయింది. వ్యూలో ఉండే హెడర్, ఫుటర్ ఇన్సర్ట్‌లోకి వచ్చాయి. ఏడో మాట టేబుల్ అసలు లేనే లేదు. పక్క సీటు అమ్మాయి టౌన్‌లో చదివింది, ఆమెకి చిన్నప్పటి నుంచీ ఇదే వర్డ్. ల్యాబ్ సార్ "పాతది మర్చిపోమ్మా, కొత్తగా మొదలుపెట్టు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ రెండు నెలలు ఎండలో నడిచి పోయి నేర్చుకున్నదాన్ని మర్చిపో అంటే నాకు కోపం వచ్చింది.

తర్వాత తెలుసుకున్నదేంటంటే ఈ పట్టీ పేరు రిబ్బన్. వచ్చింది వర్డ్ 2007లో. అంటే నేను ఇంకా నడక సరిగ్గా రాని వయసులో జరిగిన మార్పు నా దాకా రావడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. అప్పట్లో ఆఫీసుల్లో పనిచేసే పెద్దపెద్దవాళ్లు కూడా "మా మెనూలేవి?" అని గోల పెట్టారట. 2007లో ఆ రిబ్బన్‌ని మనం మార్చుకునే వీలు కూడా లేదు, పైన చిన్న టూల్‌బార్ ఒక్కటే మన చేతిలో ఉండేది. 2010 నుంచి మన సొంత ట్యాబ్ పెట్టుకోనిచ్చారు. ఇది చదివాక నాకు కొంచెం ప్రాణం తేలికైంది. తికమక నాకొక్కదానికే కాదన్నమాట.

అయినా తీరిగ్గా నేర్చుకుందాం అంటే కుదరలేదు, ఎందుకంటే ఊరి పని వచ్చిపడింది. 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు మా ఊళ్లో 38 కుటుంబాలు మిగిలిపోయాయి. వాళ్ల క్లెయిమ్‌లు మళ్లీ గ్రామసభలో పెట్టాలని వన హక్కుల కమిటీ అనుకుంది. మా బాబాయి అందులో ఉన్నాడు. నోటుబుక్కులో రాసిన లిస్టు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపి, "అమ్మాయ్, ఆదివారానికి ప్రింటు కావాల" అన్నాడు. షాపు అన్న పాత ఫైలొకటి పంపాడు కానీ అది అను ఫాంటులో కొట్టింది, ల్యాబ్‌లో ఆ ఫాంటు లేక అన్నీ పిచ్చి గీతలు. యూనికోడ్‌లో మొదటి నుంచి కొట్టుకోవాల్సిందే. ల్యాబ్ వారానికి రెండు రోజులు, గంట చొప్పున. ఆరింటికల్లా హాస్టల్లో ఉండాలి.

ఫోటోలు చూస్తే లిస్టులో మగవాళ్ల పేర్లే ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లైనవాళ్లకి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. బాబాయికి ఫోన్ చేసి చెప్పా. "అవునే, ఆడోళ్ల పేర్లు అడిగి పంపుతా, నువ్వు గడి పెట్టు" అన్నాడు. గడి పెట్టాలి. పాత వర్డ్‌లో అయితే ఏడో మాటలోకి పోయి కళ్లు మూసుకుని పెడతా. ఇక్కడ ఏడో మాట లేదు.

దొరికింది చివరికి. కర్సర్‌ని టేబుల్ లోపల పెడితేనే కుడివైపు చివర రెండు కొత్త ట్యాబులు బయటికొస్తాయి. బయటికి తీస్తే మాయం. అందులో ఒకదాని పేరు మళ్లీ లేఅవుటే! పేజీకో లేఅవుట్, టేబుల్‌కో లేఅవుట్. ఈ రెండో లేఅవుట్‌లో ఇన్సర్ట్ రైట్ అని ఉంటుంది, నొక్కితే పక్కన కొత్త గడి వస్తుంది. అదే వరసలో కుడి చివరకి రిపీట్ హెడర్ రోస్ ఉంటుంది. మూడు పేజీల టేబుల్‌కి ఇది చాలా ముఖ్యం. ఇది నొక్కకపోతే రెండో పేజీలో ఏ గడి భార్య పేరో, ఏ గడి ఎకరాలో పై వరస ఉండదు. సంతకాలు, వేలిముద్రలు పెట్టేవాళ్లకి ప్రతి పేజీలో అది కనపడాలి.

ఆ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అని వచ్చింది. నొక్కా. బొమ్మ పైకెక్కి కూర్చుంది. ఇక టేబుల్ బయట ఉన్నా కూడా అది కనపడుతూనే ఉంటుంది! ఆ రోజు నా పనికి కావాల్సినవి ఆరు ఎక్కించా: రిపీట్ హెడర్ రోస్, గడి కలపడం, పేజ్ సెటప్, ప్రింట్ ప్రివ్యూ, సింబల్, సేవ్. షో బిలో ది రిబ్బన్ అంటే ఆ వరస రిబ్బన్ కిందికి, మన పేజీకి దగ్గరగా వస్తుంది. ఆల్ట్ నొక్కితే వాటి మీద 1, 2, 3 అని అంకెలు కనపడతాయి, ఆల్ట్ 1 అంటే మొదటిది. మళ్లీ నాకు జాగాలొచ్చాయి. ఈసారి జాగా నేను చెప్పిన చోట.

రెండ్రోజుల తర్వాత పోతే అన్నీ పోయాయి. ల్యాబ్ కంప్యూటర్లు ఆపి పెడితే మొదటికొచ్చేలా పెట్టారట, వైరస్ భయం. అంతమంది వాడే చోట అది సబబే అనుకోండి. కానీ నాకున్నది గంట.

ఇక్కడే ఎవరూ చెప్పని సంగతి ఒకటి దొరికింది. టూల్‌బార్ చివర చిన్న బాణం గుర్తు నొక్కి మోర్ కమాండ్స్‌లోకి పోతే కుడివైపు పైన ఫర్ ఆల్ డాక్యుమెంట్స్ అని ఉంటుంది. దాన్ని కిందికి లాగితే మీ ఫైలు పేరు కూడా కనపడుతుంది. అది ఎంచుకుని బటన్లు ఎక్కిస్తే టూల్‌బార్ ఆ కంప్యూటర్‌లో కాదు, ఫైలు లోపలే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఎక్కడికి పోతే బటన్లూ అక్కడికే. ఫోన్‌లో రాదు, కంప్యూటర్ వర్డ్‌లోనే. సొంత ట్యాబ్ పెట్టుకుంటే మాత్రం దాన్ని ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ బటన్‌తో వేరే ఫైలుగా దాచుకోవాలి. నేను పెట్టా. హోమ్‌కి, ఇన్సర్ట్‌కి మధ్యలో తెలుగు అక్షరాల్లో మా ఊరి పేరు. పక్క సీటు అమ్మాయి "ఇదెక్కడి ఆప్షనే? నాకు లేదే" అంది. ఆమెకీ చూపించా.

పాతది మర్చిపో అన్నారు కదా, మొత్తం మర్చిపోనక్కర్లేదు కూడా. షాపు అన్న పేరా సరిచేయాలంటే ఆల్ట్ ఓ, తర్వాత పి కొట్టేవాడు. కొత్త వర్డ్‌లో కొట్టి చూశా, పాత మెనూ లేకపోయినా ఆ కిటికీ తెరుచుకుంది! అన్నీ పనిచేయవు. ఆల్ట్ ఎఫ్ ఇప్పుడు కొత్త ఫైల్ పేజీకి పోతుంది. ఇంకో మాట, సొంత ల్యాప్‌టాప్ ఉండి వర్డ్ కొనలేనివాళ్లు లిబ్రేఆఫీస్ వేసుకోండి, డబ్బు అక్కర్లేదు. అందులో వ్యూ, యూజర్ ఇంటర్‌ఫేస్‌లోకి పోతే పాత మెనూలు కావాలో రిబ్బన్ లాంటిది కావాలో అదే అడుగుతుంది. అసలు అందరూ అలా అడగాలి.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి మూడు పేజీలు ప్రింటు తీశా. 38 వరసలు, భార్య పేరు గడితో, ప్రతి పేజీ మీదా పై వరసతో. మొగుడు చనిపోయిన నలుగురికి వాళ్ల పేరే. ఆదివారం గ్రామసభలో మా పెద్దమ్మ కాగితం చేతిలోకి తీసుకుని "నా పేరు యాడుంది?" అని అడిగితే బాబాయి వేలుతో చూపించాడంట. ఆమె ఆ గడి పక్కనే వేలిముద్ర వేసింది. క్లెయిమ్‌లు సబ్ డివిజన్ కమిటీకి పోయాయి, ఇంకా ఏమీ తేలలేదు.

పేర్లన్నీ తీసేసి ఆ ఖాళీ ఫైలు నా దగ్గర ఉంచుకున్నా, టూల్‌బార్ దాని లోపలే ఉంది. మీ ఊరికి కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తా. మొదటి బటన్ రిపీట్ హెడర్ రోస్, దాన్ని తీసేయకండి. మిగతా ఐదూ మీ పనిని బట్టి మార్చుకోండి.