దాచని లెక్క

అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతం. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగోఫ్ అనే ఇద్దరు పేరుమోసిన ఆర్థికవేత్తలు ప్రకటించిన ఈ అంకె, ప్రభుత్వ ఖర్చులకు కత్తెర వేయాలనే అమెరికా, ఐరోపా నాయకులకు చేతికందిన ఆయుధమైంది. మూడేళ్ల తర్వాత ఆమ్‌హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి తరగతి పనిలో భాగంగా అదే లెక్కను మళ్లీ చేయబోయాడు. ఎంతకీ కుదరలేదు. అడిగితే రచయితలు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. చూస్తే సగటు కట్టే సూత్రం అయిదు దేశాలను వదిలేసి ముందే ఆగిపోయింది. కొన్ని దేశాల కొన్నేళ్ల అంకెలు లెక్కలోకే రాలేదు. సగటు కట్టిన తీరుపైనా అభ్యంతరాలు తలెత్తాయి. అన్నీ సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతమైంది. ఎక్సెల్ పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు. అప్పు ఎక్కువైతే వృద్ధి తగ్గుతుందన్న తమ వాదన మాత్రం నిలుస్తుందన్నారు.

హెర్న్‌డన్, అతని గురువులు తమ వాదనతో పాటు లెక్క చేసిన ప్రోగ్రామునూ బయటపెట్టారు. అది ‘ఆర్’ అనే భాషలో ఉంది. ఎవరైనా ఆర్‌ను పైసా ఖర్చు లేకుండా దించుకుని, అవే అంకెలిచ్చి, అదే జవాబు వస్తుందో లేదో చూసుకోవచ్చు. ఎక్సెల్ గడిలో సూత్రం కంటికి కనిపించదు, గడి మీదకు వెళ్లి చూడాలి. ఆర్ ప్రోగ్రాములో ఏ అంకెను ఉంచారో, దేన్ని తీసేశారో వరుసగా రాసి ఉంటుంది.

ఆర్ పుట్టింది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో. 1990ల ఆరంభంలో అక్కడి అధ్యాపకులు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ తమ విద్యార్థులకు పాఠం చెప్పడానికి దీన్ని రాసుకున్నారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్ బృందం 1970ల్లో రూపొందించిన ‘ఎస్’ భాష దీనికి మాతృక. 1995లో దీన్ని అందరికీ స్వేచ్ఛగా వదిలేశారు. సరిగ్గా 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. ఖరీదైన లైసెన్సు కొనలేని విద్యార్థికీ పెద్ద కంపెనీ విశ్లేషకుడికీ ఇప్పుడు ఒకటే పనిముట్టు. ప్రపంచం నలుమూలల నుంచి జనం రాసి చేర్చిన ప్యాకేజీలు 20 వేలు దాటాయి.

బొమ్మల సంగతీ ఇంతే. 92 నుంచి 94కు పెరిగిన అంకెను బార్ చార్టులో వేసి, గీతను సున్నా నుంచి కాక 90 నుంచి మొదలుపెడితే రెండో కమ్మీ మొదటి దానికి రెట్టింపు కనిపిస్తుంది. అంకెలో అబద్ధం లేదు, బొమ్మలో ఉంది. హ్యాడ్లీ విక్‌హమ్ రూపొందించిన ‘జీజీప్లాట్2’ వంటి ప్యాకేజీల్లో బొమ్మను మాటల్లో రాయాలి: ఏ గీత దేన్ని చూపాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఏ రంగు దేనికి. మోసం చేయాలనుకునేవారిని అది ఆపలేదు. కానీ ప్రోగ్రాము బయటపెడితే మోసం ఏ వరుసలో ఉందో చూపించవచ్చు.

తెరిచి ఉంచినంత మాత్రాన తప్పులు రావని కాదు. ఆర్‌లో యాదృచ్ఛికంగా నమూనాలు ఎంచే పద్ధతిలోనే, జనాభా చాలా పెద్దదైనప్పుడు, అందరికీ సమాన అవకాశం దక్కడం లేదని తేలింది. 2019లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో దాన్ని మార్చారు. పాత ఫలితాలను మళ్లీ రాబట్టాలనుకునేవారి కోసం పాత పద్ధతినీ ఉంచారు. తప్పును దిద్దడం, దాని ఆనవాలు చెరపకపోవడం: ప్రభుత్వ కార్యాలయాల్లో అరుదుగా కనిపించే అలవాటు ఇది.

ఈ ఆర్‌లో తెలుగువాడి పేరూ ఉంది. రెండు నమూనాలను పోల్చే ఆదేశానికి ‘రావ్’ అన్న మూడక్షరాల ఇంగ్లిషు మాట చేర్చితే, సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన పరీక్ష జరుగుతుంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో దశాబ్దాలు గడిపిన ఆయన 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పరీక్షను ఇవాళ ఏ కళాశాల విద్యార్థి అయినా క్షణంలో చేసి చూసుకోవచ్చు.

చేయడానికి అంకెలు ఉండాలి, అంతే. మన దేశంలో చిక్కు అక్కడే. 2017-18 గృహ వినియోగ వ్యయ సర్వే ఫలితాలను, నాణ్యత లోపాల పేరుతో, విడుదల చేయబోమని కేంద్రం 2019 నవంబరులో ప్రకటించింది. ఆ తర్వాతి సర్వే వివరాలు 2024లో వెలువడేదాకా పేదరికంపై చర్చ ఎక్కువగా 2011-12 అంకెల చుట్టూనే తిరిగింది. నాణ్యత నిజంగానే లోపించి ఉండవచ్చు. ఆ సంగతి తేల్చగల పనిముట్టు అప్పటికే వేల కంప్యూటర్లలో ఉంది. దానికి అందాల్సినవి అందలేదు.

ఆర్‌ను తెరవగానే తెరపై కనిపించే మాటల్లో ఒకటి, దీనికి ఎలాంటి హామీ లేదని. కొత్తవారు ఉలిక్కిపడతారు. నమ్మమని అడగడం లేదు, సరిచూసుకోమంటోంది. అంకెలు చూపి ఓట్లడిగే ప్రభుత్వాలూ ఆ మాట అనగలిగితే బాగుండేది.