అద్దె వంటిల్లు

మా పేటకు రైలు లేదు. హైవే ఉంది. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద బస్సుల్లో, కార్లలో ఊళ్లు పోయే జనాన్ని చూడడం చిలకలూరిపేట వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మేం రైలెక్కాలంటే మాత్రం ముందు గుంటూరో నరసరావుపేటో చేరాలి. అందుకే ఎవరు ఎక్కడికి బయల్దేరినా వీధికంతా తెలిసిపోతుంది.

"వైజాగ్ అంట గదా బాబాయ్, రూమా, ఇల్లా?" అని అడిగాడు ఎదురింటి కుర్రాడు.

ఇల్లేనన్నాను.

"అయితే పిన్నికి అక్కడ కూడా వంట తప్పదన్నమాట, పాపం."

ఆ పాపం గురించే మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. నలుగురికి హోటల్లో రెండు గదులు కావాలి. హోటల్ టిఫిన్లు ఒక పూట బాగుంటాయి, మర్నాటికల్లా కడుపు పప్పన్నం, మజ్జిగ అని గొణుగుతుంది. వంటిల్లున్న ఫ్లాట్ తీసుకుందామని నేనంటే, మా ఆవిడ తాపీగా, "తీసుకోండి. ఆ గడప మాత్రం నేను తొక్కను" అంది. ఒప్పుకున్నాను. తీరా అక్కడికి వెళ్లాక గడప తొక్కకుండానే, హాల్లో కుర్చీ వేసుకుని అక్కణ్నుంచే తాలింపు మాడుతోందని చెప్పింది.

ఇదంతా ఈ కాలం వాళ్ల సోకు అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో రాసుకున్నదే 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'. గుళ్లూ గోపురాలూ ఉన్నాయి అందులో, కానీ నాకు ముచ్చటేసేది ఆయన ఇంటి యజమాని చూపు. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలాంటివి, అంగళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని రాస్తూ పోతారు. అంతమందికి రోజూ పొయ్యి వెలగాలి మరి! మన జనం ఎప్పుడూ ఇలాగే తిరిగారు. సత్రంలో గది తీసుకుని కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వార్చుకున్న తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వంటవాళ్లను, గ్యాసు పొయ్యినీ వేసుకుని పోయే యాత్రా బస్సులు ఇప్పటికీ మా హైవే మీద కనిపిస్తాయి. రైల్లో అయితే సిలిండరు నిషేధం, మంచి పనే. 2023 ఆగస్టులో మధురై దగ్గర ఆగి ఉన్న యాత్రికుల బోగీలో సిలిండరు వల్లే మంటలు లేచి తొమ్మిది మంది పోయారు.

సత్రంలో గుమస్తా అన్నా ఉండేవాడు. ఫ్లాటు ఓనరు మాకు ఆఖరిదాకా కనిపించలేదు. ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపితే తాళం ఉన్న పెట్టె నంబరు పంపాడు. ఫ్రిజ్ తలుపు మీద నిబంధనల కాగితం. వంటింట్లో చూస్తే కుక్కరుంది, దాని వెయిటు లేదు. వెనిగర్ సీసా ఉంది, లైటరు నిప్పురవ్వ ఇవ్వదు. చాకు టమాటాను కోయదు, నొక్కుతుంది. ఆరు వైన్ గ్లాసులున్న ఇంట్లో ఒక్క అట్లకాడ లేదు. ఫొటోలకు పనికొచ్చే వంటిల్లు ఇది, పప్పు వండినవాళ్లు అమర్చింది కాదు.

నాకు నచ్చింది సింకు పక్కనున్న అర. సగం ఆవనూనె సీసా, రబ్బరు బ్యాండు వేసిన పాంచ్ ఫోరన్ పొట్లం. ఎవరో బెంగాలీలు, సందేహం లేదు. అరకు, విశాఖ అంటే వాళ్లకు ప్రాణం. పసుపు, ఉప్పు, నాలుగు టీ పొడి సాచెట్లు, అడుగున మిగిలిన పిల్లల హార్లిక్స్. హోటల్ వాళ్లు ముందు దిగినవాళ్ల ఆనవాలు లేకుండా తుడిచేస్తారు. వేరొకరు పడుకున్న పక్క మీదే పడుకుంటున్నామని మనకు తెలియకూడదని వాళ్ల తాపత్రయం. ఈ అర మాత్రం ఎవరెవరు వచ్చారో, ఏం తిన్నారో చెప్పేస్తుంది. ఆవనూనె మూత తీసి వాసన చూసి, మా ఆవిడ దాన్ని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టింది. చూశారా, గడప తొక్కింది.

పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లాం. 1999లో మొదలైన ఈ బజార్లలో బోర్డు మీద ధర రాసుంటుంది కాబట్టి బేరం లేదు. నాలుగు పూటల కాపురానికి అంతా పావుకిలోలే. "ఏ ఊరండీ?" అంది వంకాయలు తూచే ఆవిడ. 2022 నుంచి మాది పల్నాడు జిల్లా, అయినా నోట్లోంచి "గుంటూరు దగ్గర" అనే వచ్చింది. తర్వాత హార్బరులో వంజరం ముక్కలు కొట్టించాం. వెడల్పాటి గిన్నె లేక, కుక్కర్లోనే మూత పెట్టకుండా పులుసు కాచాను. ముక్క విరగకుండా కలపడానికి గరిటె పట్టలేదు, కుక్కర్ చెవులు పట్టుకుని తిప్పాను. బాగానే కుదిరిందని మా ఆవిడే అంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడు మ్యూజియంగా మారిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు, లోపల 70 మందికి పైగా మనుషులు. వాళ్లకు వండిన వంటిల్లు మా ఇంటి స్నానాల గదంత కూడా లేదు. అట్లకాడ లేదని పొద్దుటి నుంచీ సణిగిన నన్ను మావాడు మోచేత్తో పొడిచాడు.

ఒక్కటే ఇబ్బంది అనిపించింది. మిగతా ఫ్లాట్లన్నిట్లో కాపురాలున్నాయి. లిఫ్టులో కలిసిన పెద్దావిడ మమ్మల్నీ సంచుల్నీ చూసి, "మళ్లీ కొత్తవాళ్లా?" అంది. ఆవిడ్ని తప్పుపట్టలేను. వారానికో మొహం ఎదురింట్లో తేలితే మా వీధి ఊరుకుంటుందా? బార్సిలోనా నగరమైతే పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులు పది వేల పైచిలుకునూ 2028 నవంబరుకల్లా ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. అక్కడ సొంత ఊరివాళ్లకే అద్దె ఇళ్లు అందకుండా పోయాయి. మన దగ్గర సంగతి ఇంకా లిఫ్టులో చూపుల దగ్గరే ఉంది.

ఖాళీ చేసే రోజు పదకొండింటికల్లా తాళం పెట్టెలో వేయాలి. మిగిలిన పప్పు, చింతపండు అరలో సర్దాం. పేటలో మిల్లు పట్టించి తెచ్చిన కారం అరసీసా మిగిలింది. అదీ వదిలేద్దామంది మా ఆవిడ. వద్దన్నాను, ఏ పసివాడికో చెంచాడు వేసి పెడితే? "సగం చెంచా చాలు" అని చీటీ అంటించింది. వచ్చేది బెంగాలీలైతే తెలుగెవరు చదువుతారన్నాడు మావాడు. చివరికి వాడే సీసా మీద స్కెచ్ పెన్నుతో మూడు మిరపకాయలు గీశాడు. చాలవని ఆవిడ ఇంకో రెండు గీయించింది.