మిద్దె మీద ఇరవై మీటర్ల తీగ

దాని మీద తడి టవలు ఆరేశాను. నేను చేసిన తప్పు అదొక్కటే.

"అయ్యయ్యో, తీయప్పా తీ! అది ఏంటెనా!" అంటూ ఇంటి ఓనరుగారు మెట్లెక్కి పరుగున వచ్చారు. మిద్దె నడుమ ఒక జీఐ పైపు, దాని కొన నుంచి రెండు మూలలకూ వాలుగా దిగిన రాగి తీగ. బట్టల తీగ ఇంత వంకరగా ఎవరు కట్టారా అని మూడు నెలలుగా అనుకుంటున్నాను. బెంగళూరు పక్కనున్న హొసకోటెకు అద్దెకొచ్చాక ఈ ఊరి గురించి నాకు తెలిసినవి మూడే: తెల్లారకముందే జనాన్ని క్యూలో నిలబెట్టే దమ్ బిర్యానీ, పాత మద్రాసు రోడ్డు మీద లారీలు, ఎటు తిరిగినా సైట్ల బోర్డులు. నాలుగోది నా నెత్తి మీదే ఉందని టవలు ఆరేస్తే గానీ తెలియలేదు.

ఓనరుగారు ఐటీఐ టెలిఫోన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. కోలారు వైపు తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, మిద్దె మీది చిన్న గదిలో మాత్రం ఇంగ్లీషూ మోర్సూ. "పొద్దున ఐదున్నరకు రాప్పా, కాఫీ తాగుతా విందాం" అన్నారు. మొహమాటానికి సరేనన్నాను. ఆ మొహమాటానికి ఇప్పుడు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

చీకట్లో ఆ సెట్టు పసుపు వెలుగు. ఆయన గుండ్రటి మీట తిప్పుతుంటే బాతు గొంతుతో ఎవరో గొణిగారు. మీట వెంట్రుకవాసి కదిపారు. బాతు కాస్తా మనిషయ్యాడు! "సీక్యూ, సీక్యూ" అంటున్నాడు. వినేవాళ్లెవరున్నా పలకండని దానర్థమట. అతని పిలుపు పేరు జీ అక్షరంతో మొదలైంది. "జీ అంటే ఇంగ్లండ్. మనది వీయూ" అని ఓనరుగారు మైకు నొక్కి తన పిలుపు పేరు ఒక్కొక్క అక్షరమే విడమరిచి చెప్పారు. అవతల అక్కడెక్కడో పల్లెటూరు. అర్ధరాత్రి దాటింది, వాన పడుతోంది, కుక్క ఉరుముకు భయపడి మంచం కింద దూరింది, తనకూ నిద్ర లేదు. ఇవీ కబుర్లు. దాదాపు 8,000 కిలోమీటర్ల అవతల కురుస్తున్న వాన గురించి హొసకోటెలో కాఫీ తాగుతూ వింటున్నాను. నా చేతి మీద రోమాలు లేచాయి. అతిశయోక్తి అనుకుంటే అనుకోండి.

నడుమ సెల్ టవర్ లేదు, ఇంటర్నెట్ లేదు, నెల బిల్లు అంతకన్నా లేదు. సెట్టు పంపేది 100 వాట్లు, మన పాత ఫిలమెంటు బల్బు ఒక్కటి తినేంత. తీగ రెండు వైపులా కలిపి సుమారు 20 మీటర్లు. మేం విన్న ఏడు మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు నలభై మీటర్లు కదా, అందులో సగం. ఆకాశంలో కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఎండ తాకిడికి విద్యుదావేశం నిండిన పొర ఉంది. తరంగం దానికి తగిలి వంగి నేలకు దిగుతుంది, నేలను తాకి మళ్లీ ఎగురుతుంది. చెరువులో పెంకు విసిరితే టప్‌టప్‌మని ఎగిరినట్టు. పగలు మాత్రం ఇంకా కింద మరో పొర పుట్టుకొచ్చి ఈ తరంగాన్ని మింగేస్తుంది. అందుకే తెల్లవారుజాము. తూర్పున ఎరుపు తిరిగింది, ఇంగ్లండ్ గొంతు బావిలోకి జారినట్టు సన్నబడింది. కుక్క పేరు చెప్పబోతూ మాయమయ్యాడు. సూర్యోదయాన్ని చెవులతో వినడం నాకదే మొదటిసారి.

ఏడింటికి దక్షిణాది గొంతులు గుమిగూడాయి. ఇలా లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లను హాములంటారు, వీళ్లది హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో. వీళ్ల లోకంలో మగవాళ్లందరూ ఓఎం, అంటే ముసలాయన. పదిహేనేళ్ల కుర్రాడైనా అంతే. ఆడవాళ్లు ఎనభై దాటినా వైఎల్, అంటే పడుచుపిల్ల. ఈ పేర్లు పెట్టినవాళ్ల తెలివికి జోహార్లు. సెలవు తీసుకునేటప్పుడు 73 అంటారు, శుభాకాంక్షలని. 88 అంటే ముద్దులట. అది ఎవరితో అనాలో చూసుకోవాలి. మాటలు కలిపినందుకు గుర్తుగా పోస్టులో క్యూఎస్ఎల్ కార్డు వస్తుంది. పాత బిస్కెట్ల డబ్బాలో ఆయన వందల కార్డులు దాచారు. నేను రెండు గంటలు అక్కడే కూలబడ్డాను, ఆఫీసుకు ఆలస్యమైంది.

ఆయన దినచర్య ఇక్కడితో ఆగదు. మధ్యాహ్నం సోల్డరింగ్ పొగ. సాయంత్రం చేతి సెట్టులో బెంగళూరు మిత్రులు, వాళ్లలో ఒకరు కృష్ణరాజపురం ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు, తప్పదు. ఈ మధ్య మా ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బు వేసినప్పుడల్లా ఆయన సెట్టులో గరగర పుడుతోందట. పైకి అనలేక ఒక మంచి బల్బు తెచ్చి మాకు బహుమతిగా ఇచ్చారు!

అసలు విడ్డూరం ఏమిటంటే, ఇందులో మనవాళ్ల చేయి ఎంతుందో నాకు ఇన్నాళ్లూ తెలియకపోవడం. హైదరాబాద్‌లో 1983 నుంచీ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ఆ ఊరి అష్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే సెట్టును అంగట్లో దొరికే చిల్లర సామాన్లతో రూపొందించారు. కాయిల్స్‌కు ప్రత్యేకమైన వలయాలు వెతకనక్కర్లేకుండా కుళాయి వాషర్ల మీద తీగ చుట్టమన్నారు. దేశదేశాల హాములు ఆ సెట్టు చేసుకున్నారు. కుళాయి వాషర్! 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే హామ్ బృందం సరదాగా మాట్లాడేందుకు అండమాన్ వెళ్లి సెట్లు పెట్టింది. 26న సునామీ వచ్చింది. సరదా సెట్లే పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి లోకానికి కబురు మోశాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కూడా మోసుకెళ్లింది. హాముల కోసం ఇస్రో పంపిన ఉపగ్రహమది. 2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి బెంగళూరులోని యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రంలో కూర్చున్న విద్యార్థులతో మాట్లాడింది కూడా హామ్ రేడియోలోనే.

ఇంకొకటి. లదాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహ లింకుతో నడిపే కేంద్రం ఎక్కడుందనుకున్నారు? హొసకోటెలో! బిర్యానీ కోసం తెల్లారుజామున వరుస కట్టే ఊళ్లోనే ఎవరో నక్షత్రాల వైపు అద్దం తిప్పుతున్నారు, ఇంకెవరో ఇంగ్లండ్ వానను వింటున్నారు.

నాకింకా మైకు ముట్టే హక్కు లేదు. "లైసెన్సు లేకుండా నోరు తెరవకూడదప్పా, వినుకో అంతే" అన్నారు ఓనరుగారు. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్షకు చదువుతున్నాను. పన్నెండేళ్లు నిండితే చాలు, ఎవరైనా రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు కూడా అక్కర్లేదు. మీ వీధిలో ఎవరి మిద్దె మీదైనా పైపు నుంచి వాలుగా దిగిన తీగ కనిపిస్తే వెళ్లి తలుపు తట్టండి. బట్టలు మాత్రం ఆరేయకండి.